బానిసలైన పూర్వీకుల పేర్లు వెతికిస్తామనే సంస్థలతో జాగ్రత్త

మా అత్తగారు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పుట్టి పెరిగిన నల్లజాతి మహిళ. ఆమె పెద్దలు అక్కడి పత్తి తోటల్లో బానిసలు. మా పుట్టింట్లో తద్దినం నాడు మూడు తరాల పేర్లు చెప్పడం వింటూ పెరిగినదాన్ని; ఆమెకు ఆ పేర్లే తెలియవంటే మనసు కలుక్కుమంది. 75వ పుట్టినరోజు కానుకగా ఒక వంశవృక్ష సంస్థకు 900 డాలర్లు కట్టాం. డీఎన్ఏ పరీక్ష, పాత రికార్డుల పరిశోధన రెండూ కలిపి. మోసపోయాం.

మూడు నెలలకు అట్ట వేసిన పుస్తకం వచ్చింది. 1820లో పుట్టిన ఒక స్త్రీ పేరు, ఆమె యజమాని పేరు, ఆఫ్రికాలో ఆమె తెగ పేరు కూడా అందులో ఉన్నాయి. అత్తగారు ఆ పేరును వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నారు. వారం పాటు భోజనం ముందు ప్రార్థనలో తలచుకున్నారు.

ఆధారాల పేజీలో ఉన్నది ఒక్కటే, 1860 జనాభా లెక్కల్లోని బానిసల పట్టిక. తెరిచి చూశాను. యజమాని పేరు కింద ‘40, స్త్రీ, నలుపు’ అని ఒక వరస. పేరు లేదు. 1850, 1860 పట్టికల్లో బానిసల పేర్లు దాదాపు ఎక్కడా రాయలేదు. యజమాని ఆస్తిగా లెక్కపెట్టారంతే. వారిలో అత్యధికులు పేర్లతో జనాభా లెక్కలకెక్కింది బానిసత్వం రద్దయ్యాక, 1870లో. ఇంటిపేరు కలిసిందని ఆ యజమానిని అంటగట్టి, స్త్రీకి పేరు వీళ్లే పెట్టేశారు. విముక్తులందరూ చివరి యజమాని ఇంటిపేరే పెట్టుకోలేదన్నది ఈ పని చేసేవారికి తెలియనిది కాదు.

తెగ సంగతీ అంతే. పరీక్ష పోల్చేది ఈనాటి మనుషుల నమూనాలతో. తల్లి నుంచి బిడ్డలకు వచ్చే ఒకే డీఎన్ఏ వరుస పశ్చిమాఫ్రికాలో ఎన్నో జాతుల్లో కనిపిస్తుంది. డీఎన్ఏ నిజంగా పనికొచ్చేది దూరపు బంధువులను కలపడానికి. పాత తరాల డీఎన్ఏ పెద్దవారిలోనే ఎక్కువ మిగిలి ఉంటుంది, అందుకే ఇంట్లో అందరికన్నా పెద్దవారికి పరీక్ష చేయించండి.

1870కి ముందు పేర్లు అసలు దొరకవని కాదు. యజమానుల వీలునామాలు, ఆస్తి జాబితాలు, అమ్మకం పత్రాల్లో ఉంటాయి. విముక్తులైన బానిసల కోసం 1865లో మొదలై 1874లో మూతపడిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాల్లో తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లు, ఒక్కోసారి పాత యజమాని పేరు కూడా రాశారు. చాలావరకు ఉచితంగానే చూడవచ్చు. డబ్బు కట్టే ముందు ఒకటే అడగండి: చెప్పే ప్రతి పేరుకూ, ఆ పేరున్న కాగితం నకలు ఇస్తారా? మేము అడగలేదు. తర్వాత నిలదీస్తే ‘పరిశోధన అంటే అభిప్రాయమే’ అన్నారు, పైసా తిరిగి ఇవ్వలేదు. లాలాజలం నమూనాను నాశనం చేయించడానికి నాలుగు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది.

అత్తగారికి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. పుస్తకం మూసి, “మరి ఆ నలభై ఏళ్ల స్త్రీ ఎవరమ్మా? ఆమెకూ ఎవరో మనవలు ఉండే ఉంటారు కదా” అన్నారు. ఇప్పుడు రోజూ రాత్రి ఇద్దరం కూర్చుని ఆ బ్యాంకుకు జార్జియాలోని ఆగస్టా ఊళ్లో ఉన్న శాఖ ఖాతాలు ఒక్కొక్క పేజీ చదువుతున్నాం.