అమీర్‌పేటలో శాప్ పీపీ కోర్సు: మెకానికల్ వాళ్లు చేరొచ్చా?

మైత్రీవనం దగ్గర సందులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో శాప్ పీపీ (ప్రొడక్షన్ ప్లానింగ్) కోర్సు పూర్తి చేశాను. శాప్ అంటే కంపెనీలు కొనుగోళ్లు, స్టాకు, తయారీ లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్, పీపీ అందులో తయారీ ప్లానింగ్ భాగం. పేరు రాయడం లేదు. అక్కడ బోర్డు కన్నా చెప్పే సార్ ముఖ్యం, ఆ సార్లు ఈ ఏడాది ఒక బోర్డు కింద చెబితే వచ్చే ఏడాది ఎదురు బిల్డింగులో ఉంటారు. నాది మెకానికల్ బీటెక్. పాసయ్యాక జీడిమెట్లలో ఒక యూనిట్‌లో ప్రొడక్షన్ ఇంజనీరుగా చేశాను, అంటే సగం రోజు షిఫ్టు రిపోర్టులు, సగం రోజు స్టోర్స్ వాళ్లతో గొడవ. జీతం సంగతి అడక్కండి.

రేటింగ్ ముందే చెప్పేస్తా. పాఠానికి 5కి 4.5, సర్వర్‌కి 2, ప్లేస్‌మెంట్ మాటలకు సున్నా.

పాఠం నిజంగా బాగుంది. సార్ మొదటి వారం సిస్టమ్ ముట్టుకోనివ్వలేదు, ఒక ఫ్యాన్ తయారు కావాలంటే ఏమేం కావాలో బోర్డు మీద గీయించారు: బ్లేడ్లు, మోటారు, వైండింగ్, నట్లు. తర్వాత సీఎస్01 అనే స్క్రీన్‌లో బిల్ ఆఫ్ మెటీరియల్స్ (ఏ భాగాలు ఎన్ని కావాలో జాబితా), సీఆర్01లో వర్క్ సెంటర్ (పని జరిగే మెషీన్ లేదా చోటు), సీఏ01లో రౌటింగ్ (పనులు ఏ వరసలో జరగాలో), అన్నీ ఆ ఫ్యాన్ మీదే చేయించారు. ఎంఆర్‌పీ (ఏ సరుకు ఎప్పుడు ఎంత కావాలో లెక్కగట్టే ప్రోగ్రామ్) రన్ చేసి, స్టాకు, అవసరాలు చూపే ఎండీ04 స్క్రీన్ తెరిచిన రోజు మాత్రం నాకు నవ్వొచ్చింది. ఫ్యాక్టరీలో ప్రతి శనివారం స్టోర్స్ చుట్టూ తిరిగి పెన్నుతో రాసుకునే షార్టేజ్ లిస్టు ఉంది చూడండి, అదే, తేదీలతో సహా స్క్రీన్ మీద కూర్చుంది.

ఇక్కడే డిగ్రీ సంగతి వస్తుంది. థర్మోడైనమిక్స్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ఈ కోర్సులో ఒక్క క్లాసుకీ అక్కర్లేదు. నాలుగో సంవత్సరంలో ఆల్ ఇన్ వన్ చూసి పరీక్ష ముందు రాత్రి గట్టెక్కించే ప్రొడక్షన్ ప్లానింగ్ సబ్జెక్టు మాత్రం అక్షరం అక్షరం పనికొచ్చింది. నా పక్కన కూర్చున్న ఫ్రెషర్లు టీ-కోడ్లు (సీఎస్01 లాంటి స్క్రీన్ కోడ్లు) నాకంటే వేగంగా బట్టీపట్టేవాళ్లు, కానీ ఇంటర్వ్యూలో అడిగేది కోడ్లు కాదు, మెషీన్ మధ్యలో ఆగిపోతే ఆర్డర్ ఏం చేస్తావు అని. షాప్ ఫ్లోర్ చూడనివాళ్లు అక్కడ తడబడతారు. బ్రాంచి మార్చుకుని సాఫ్ట్‌వేర్‌కి వెళ్తే నాలుగేళ్లూ వేస్ట్ అని అందరూ అంటారు గానీ, వెళ్లే దారి చూసుకుంటే అంత వేస్టేం కాదు.

మా బ్యాచ్‌లో ఒక అన్న ఉండేవాడు. డిప్లొమా చేసి పదేళ్లకు పైగా మెషిన్ షాపులో పనిచేశాడు, రౌటింగ్ గురించి సార్‌నే సరిదిద్దేవాడు. అయినా ప్రకటనల్లో బీఈ లేదా బీటెక్ అని ఉంటే ఆయన అప్లికేషన్ మనిషి దాకా వెళ్లదు. అప్పట్లో ఈసెట్ రాసి రెండో సంవత్సరంలో చేరి ఉంటే కథ వేరు, ఇంటి పరిస్థితి వల్ల చేరలేదట. ఏమీ రాని మాకు ఆ కాగితం ఉంది, అన్నీ వచ్చిన ఆయనకు లేదు. ఆయన సంగతి తలుచుకుంటే మాత్రం మన డిగ్రీ మీద జోకులు వేయబుద్ధి కాదు.

ఇక తిట్లు. సాయంత్రం ఏడు దాటితే సర్వర్ నత్తనడక, ఒకే లాగిన్‌ను నలుగురికి ఇచ్చారు, మీరు చేసిన మెటీరియల్ మాస్టర్‌ని (ఒక వస్తువు వివరాల రికార్డుని) ఇంకెవరో మార్చేసి ఉంటారు. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ ఇన్‌స్టిట్యూట్‌ది, శాప్ కంపెనీ సర్టిఫికేషన్ కాదు. దానికి విడిగా పరీక్ష రాయాలి, ఫీజు వేరే. అది కౌన్సెలర్ మేడమ్ తనంతట తాను చెప్పదు. ఇంకోటి, కోర్సు అయిపోవచ్చేసరికి "రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, పీఎఫ్ కూడా చూపిస్తాం" అని మెల్లగా చెవిలో వేస్తారు. దయచేసి ఒప్పుకోకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) చూస్తే మొత్తం బయటపడుతుంది, అప్పుడు ఉన్న ఉద్యోగం కూడా పోతుంది.

రెండు మూడేళ్లు ఫ్యాక్టరీలో చేసిన మెకానికల్, ప్రొడక్షన్ వాళ్లయితే కళ్లు మూసుకుని చేరొచ్చు. ఇప్పుడే కాలేజీ నుంచి బయటికొచ్చినవాళ్లు ముందు ఎక్కడో ఒకచోట షాప్ ఫ్లోర్ మీద పనిచేసి రండి, లేదంటే క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీసే పని) వైపు చూడండి. చేరే ముందు శాప్ కొత్త వెర్షన్ ఎస్/4 హానా చెబుతారో పాత వెర్షన్ ఈసీసీ చెబుతారో అడగండి. ఈసీసీకి మెయిన్‌స్ట్రీమ్ సపోర్టు 2027 చివరి దాకానే అని కంపెనీయే ప్రకటించింది. ఫీజు 20 వేలు చెబుతారు, బేరమాడితే 15కి దిగుతుంది, అది కూడా రెండు విడతల్లో కట్టండి, రెండోది సర్వర్ లాగిన్ చేతికొచ్చాకే.