పోర్టు స్థితి తెలియాలంటే పోలింగా, ట్రాపా: ఏది మేలు?

అమలాపురం, రాజోలు వైపు నెట్‌వర్కులు నడిపేవాళ్లకి ఈ తలనొప్పి బాగా తెలుసు. మానిటరింగ్ స్క్రీన్ మీద స్విచ్ పోర్టు ఎర్రగా, అంటే డౌన్ అని ఉంటుంది, ఆ లైన్లో కస్టమర్లకి నెట్ మాత్రం శుభ్రంగా వస్తుంటుంది. ఇంకోరోజు అన్నీ పచ్చగానే ఉంటాయి, కంప్లైంట్ ఫోన్లు ఆగవు. అర్ధరాత్రి వానలో కుర్రాణ్ణి చెరువు గట్ల మీదకి పంపాలా వద్దా అన్నది ఆ రంగు చూసే తేలుస్తాం. అందుకే అది తప్పు చెప్పకూడదు.

పోలింగ్ అంటే మానిటరింగ్ సర్వరే ఎస్‌ఎన్‌ఎంపీలో (నెట్‌వర్క్ పరికరాల స్థితి అడిగి తెలుసుకునే పద్ధతి) విడతలవారీగా స్విచ్‌ని అడగడం. ట్రాప్ అంటే పోర్టు పడిపోగానే స్విచ్చే కబురు పంపడం.

వేగంలో ట్రాప్‌దే పైచేయి. లిబ్రెఎన్‌ఎంఎస్ లాంటి మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లు మామూలుగా 5 నిమిషాలకోసారి అడుగుతాయి, ఆ మధ్యలో పడి లేచిన లింకు వాటి కంట పడకపోవచ్చు. అయితే ట్రాప్ అనేది యూడీపీ అనే, రసీదు అడగని పద్ధతిలో 162 నంబర్ మీద వచ్చే ఒక్క ప్యాకెట్. అందిందో లేదో స్విచ్ చూసుకోదు. పడిందన్న లింక్‌డౌన్ కబురు చేరి, లేచిందన్న లింక్‌అప్ కబురు దారిలో పోతే, ట్రాపుల్నే నమ్మిన సాఫ్ట్‌వేర్‌లో ఆ పోర్టు ఎర్రగానే ఉండిపోతుంది. పైగా మలికిపురంలో స్విచ్‌కి ఒకటే ఫైబర్ ఉండి అది తెగిందనుకోండి, ఆ స్విచ్ పంపే ట్రాప్ కూడా అదే ఫైబర్ మీద రావాలి. ఇంకెక్కడ వస్తుంది? జవాబు అందేదాకా కొన్నిసార్లు మళ్లీ పంపే ఇన్‌ఫామ్ అనే రకం కబురు కాస్త నయం, కానీ తెగిన లైన్ ముందు అదీ అంతే.

పోలింగ్ తప్పు చెబితే నేను ముందు అనుమానించేది ఇఫ్‌ఇండెక్స్‌ని. ప్రతి ఇంటర్‌ఫేస్‌కీ, అంటే పోర్టుకీ, స్విచ్ ఇచ్చే నంబరే అది, చాలా పరికరాల్లో రీబూట్ అయితే ఆ నంబర్లు మారిపోవచ్చు. గాలివానకి కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా దిగిపోయి, తెల్లారి స్విచ్ లేచిందనుకోండి. నిన్న రాజోలు లింకుది 12వ నంబర్, ఇవాళ అదే నంబర్ ఖాళీ పోర్టుది. సాఫ్ట్‌వేర్ పాత నంబర్‌నే అడిగి రాజోలు డౌన్ అంటుంది. స్విచ్ అప్‌టైమ్ చూడండి, ఎస్‌ఎన్‌ఎంపీ వాక్ (పట్టిక మొత్తం ఒకేసారి తెచ్చే కమాండ్) కొట్టి ఇఫ్‌నేమ్ పట్టికని, అంటే పోర్టు పేర్ల జాబితాని, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదానితో పోల్చండి, తేడా అక్కడే దొరుకుతుంది. స్విచ్‌లో నంబర్లు నిలిపి ఉంచే ఆప్షన్ ఉంటే వెంటనే పెట్టండి. లేకపోతే సాఫ్ట్‌వేర్‌ని నంబర్ బట్టి కాకుండా పోర్టు పేరు బట్టి గుర్తుపట్టమనండి, లిబ్రెఎన్‌ఎంఎస్‌లో ఆ వీలుంది.

అలర్ట్ రూల్ కూడా ఒకసారి తిరగేయండి. ఆపరేషనల్ స్టేటస్‌లో (పోర్టు నిజంగా పనిచేస్తోందా అన్నది) 1 అంటే అప్, 2 అంటే డౌన్, కానీ విలువలు 7 దాకా ఉన్నాయి. 4 అంటే తెలియదని, 5 అంటే డార్మెంట్, ఏదో జరగడం కోసం ఆగి ఉందని. 1 కానిదంతా డౌన్ అని రాసిన రూల్ ఇక్కడే దెబ్బతింటుంది. మనమే షట్‌డౌన్ చేసిన పోర్టుకి అలారం మోగకుండా అడ్మిన్ స్టేటస్ (మనం పోర్టుని ఆన్‌లో ఉంచామా లేదా అన్నది) కూడా కలిపి చూడాలి. స్విచ్ జవాబివ్వకపోతే పోర్టు డౌన్ అని కాదు, తెలియదు అని చూపించాలి.

నన్నడిగితే పోలింగే మేలు. ఒక కబురు తప్పినా తర్వాతి విడతలో అదే సరిదిద్దుకుంటుంది, ట్రాప్‌కి ఆ గుణం లేదు. ఊళ్ల మధ్య మెయిన్ లింకులకి నిమిషానికోసారి పెట్టండి. ట్రాప్‌ని తీసెయ్యక్కర్లేదు, అది రాగానే ఆ పోర్టుని వెంటనే ఒకసారి పోల్ చేసేలా కలపండి, చాలు.

మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని రాగి తీగకి కలిపే డబ్బాలు) ఉన్నచోట మాత్రం ఈ రెండూ చాలవు. అవతల ఫైబర్ తెగినా, స్విచ్‌కీ కన్వర్టర్‌కీ మధ్య రాగి తీగ బాగానే ఉంటుంది కాబట్టి స్విచ్ అప్ అనే చెబుతుంది. అది అబద్ధమూ కాదు. కన్వర్టర్‌లో లింక్ ఫాల్ట్ పాస్‌త్రూ (ఒకవైపు తెగితే రెండోవైపూ డౌన్ చేసే సదుపాయం) ఉంటే ఆన్ చేయండి, లేదంటే అవతలి పరికరానికి పింగ్ పెట్టి, ఆ పోర్టులో ట్రాఫిక్ సున్నాకి పడితే అలర్ట్ వచ్చేలా చూసుకోండి.