కర్నూలు రోడ్డు మేడమీద నాలుగు ఆదివారాలు

చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసే ఆఫీసులో లెక్కలు చూస్తాను. పదకొండేళ్లుగా గ్యాలక్సీ పలకలకి డాలర్లలోనే బిల్లు కొడుతున్నా. ఇటలీకి పంపినా డాలరే, చైనాకి పంపినా డాలరే. ఎందుకో అడగాలని తోచలేదు. ఒంగోలు కర్నూలు రోడ్డులో రిటైరైన లెక్చరర్ ఒకాయన ఆదివారాలు ఎకనామిక్స్ చెబుతున్నారంటే చేరాను. నాలుగు క్లాసులకి ఆరు వందలు.

మొదటి రోజే మాస్టారు, "ఏమ్మా, నీ దగ్గర బిల్లేదైనా ఉందా?" అని అడిగారు. ఇన్‌వాయిస్ ఇస్తే, అంకె పక్కనున్న యూఎస్‌డీ మీద వేలు పెట్టి, "ఇది ఇక్కడికెలా వచ్చిందో చూద్దాం" అన్నారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశాల మధ్య డబ్బు లెక్కలెలా నడవాలో తేల్చడానికి 1944 జులైలో అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్‌లో 44 దేశాలు కలిశాయని గ్రూప్స్ పిల్లలందరికీ తెలుసు. గొడవ దేనిమీదో ఈయన దగ్గరే అర్థమైంది. బోర్డు మీద రెండు ఖాతాలు గీశారు: ఒకటి బాకీపడ్డ దేశానిది, రెండోది మిగులున్న దేశానిది. దేశాల మధ్య లెక్కలకి బ్యాంకార్ అనే ఉమ్మడి కరెన్సీ పెట్టి, ఇద్దరి దగ్గరా రుసుము వసూలు చేయాలన్నది బ్రిటన్ తరఫున ఆర్థికవేత్త కీన్స్ వేసిన పథకం. అమ్మడమే తప్ప కొనని దేశం వల్లే ఎదుటి దేశం అప్పులపాలవుతుందని ఆయన వాదన. అప్పుడు మిగులంతా అమెరికాది, వాళ్ల తరఫున హ్యారీ వైట్ ఎందుకు ఒప్పుకుంటారు? సమావేశానికి ముందే బ్యాంకార్ పక్కకు పోయింది. దేశాలు తలా కొంత వేసే నిధి, ఔన్సు బంగారానికి 35 డాలర్ల ధర, ఇవి నిలిచాయి.

నాకు ఒళ్లు జలదరించిన ముక్క ఒకటుంది. ఆ ఒప్పందం ముసాయిదాలో "బంగారంగా మార్చుకోగల కరెన్సీ" అని ఉంటే, అంటే ఏమిటని మన దేశ ప్రతినిధి నిలదీశారట. బ్రిటన్ నుంచి వచ్చిన రాబర్ట్‌సన్, బంగారం, అమెరికా డాలర్లు అని రాస్తే సరి అన్నారు. నేను రోజూ కొట్టే మాట అలా ఒప్పందంలోకి ఎక్కింది!

లోపాలూ చెప్పాలి. పది గంటల క్లాసు పదిన్నరకి గానీ మొదలవదు. నోట్స్ ఇవ్వరు, లాంగ్‌బుక్ తప్పనిసరి. యుద్ధంలో మన సరుకూ సేవలూ వాడుకున్నందుకు బ్రిటన్ మనకి పడ్డ బాకీ వంద కోట్ల పౌండ్లు దాటింది. దాన్ని కొత్త నిధి ద్వారా కొంతైనా ఇప్పించమని చింతామణి దేశ్‌ముఖ్, ష్రాఫ్ ఉన్న మన బృందం పట్టుబడితే, బ్రిటన్ అది మనమూ మనమూ తేల్చుకునేదని తప్పించుకుంది. ఇంత పెద్ద సంగతికి పది నిమిషాలేనా? 1971లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బంగారం కిటికీ మూసేసిన, అంటే ఇతర దేశాల డాలర్లకి బంగారం ఇవ్వడం ఆపేసిన కథకి గంటన్నర ఇచ్చారు మరి. బాధేసింది, అదే మాస్టారుతో అన్నాను.

వచ్చే బ్యాచ్‌లో ఒక ఆదివారం మొత్తం ఆ బాకీకే పెడతామన్నారు. మళ్లీ ఆరు వందలు కట్టాను.