మూడేళ్ళు వాడిన కంపెనీ ఛార్జర్: పోతూ పోతూ నా ఫోన్‌ను కాపాడింది

మాది మధిరలో చిన్న టైలరింగ్ కొట్టు. ఫాల్స్, పీకో, జాకెట్లు కుట్టడం, పక్కనే లైనింగ్ గుడ్డలు, దారాలు, హుక్కులు అమ్మడం. మెడ డిజైన్ల ఫొటోలు వాట్సాప్‌లోనే వస్తాయి, డబ్బులు ఫోన్‌లోనే పడతాయి. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా నా ఫోన్ మిషను పక్కనే ఉంటుంది, అందులో సగం సేపు ఛార్జింగ్‌లోనే. ఈ వాడకాన్ని బట్టే ఇదంతా రాస్తున్నాను. రాత్రి ఒక గంట పెట్టి తీసేసేవాళ్ళకు నా లెక్క సరిపోకపోవచ్చు.

2022 జూలైలో ఫోన్ కొంటే డబ్బాలో వైరు మాత్రమే ఉంది, అడాప్టర్ లేదు. 2020లో ఐఫోన్ 12తో యాపిల్ మొదలుపెట్టింది ఈ పద్ధతి. మరుసటి జనవరిలో ఎస్21తో శాంసంగ్ అందుకుంది. ఏడాది తిరిగేసరికి మా బోటివాళ్ళు కొనే ఫోన్ల దాకా వచ్చేసింది. కంపెనీ అడాప్టర్ విడిగా కొంటే 1,300 చెప్పారు. మూడు లైనింగ్ జాకెట్ల కుట్టుకూలి అది. మనసొప్పక బస్టాండు దగ్గర 180 రూపాయలకు ఒకటి కొన్నాను. "ఒరిజినల్‌లాగే పనిచేస్తుంది, ఫస్ట్ కాపీ" అన్నాడు అమ్మినతను.

నిజానికి ఛార్జింగ్ బాగానే ఎక్కేది. ఇబ్బంది వేరే చోట వచ్చింది. వైరు పెట్టి ఉండగా ఫోన్ ముట్టుకుంటే తెర నా మాట వినేది కాదు. ఒక అక్షరం నొక్కితే పక్కది పడేది, నేను వేలు పెట్టకుండానే పైకీ కిందికీ జరిగిపోయేది. వైరు పీకగానే మామూలైపోయేది. ఫోన్‌లోనే లోపమనుకున్నాను. ఒకరోజు లైనింగ్ గుడ్డలు వేసే హోల్‌సేల్ ఆయనకు 850 పంపుదామని కొడుతుంటే చివర ఇంకో సున్నా దానంతట అదే పడి 8,500 అయింది. పిన్ కొట్టేముందు చూశాను కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే వెళ్ళి 1,300 పెట్టి కంపెనీది తెచ్చాను. అదే ఫోన్, అదే ప్లగ్గు, తెర మాత్రం చెప్పినట్టు విన్నది. నాసిరకం ఛార్జర్ నుంచి వచ్చే కరెంటులో అలజడి ఎక్కువట. వేలి తాకిడిని కూడా తెర కరెంటు మార్పుగానే గుర్తిస్తుంది కాబట్టి రెంటికీ తేడా తెలియక తికమకపడుతుందట. ఇది నాకు చాలా తర్వాత తెలిసింది.

మిగిలిన ఆ 180 రూపాయలదాన్ని పారేయబుద్ధి కాలేదు. మా కొట్లో హుక్కులు కుట్టే అమ్మాయి ఛార్జర్ పాడైందంటే, "ఇది ఊరికే పడి ఉంది, వాడుకో" అని ఇచ్చేశాను.

కొత్తలో కంపెనీ ఛార్జర్‌ను అందరి దగ్గరా తెగ మెచ్చుకున్నాను. టీ తాగి వచ్చేలోపు ఎంత ఎక్కిందో చూడండి అని చూపించేదాన్ని. చెల్లితోనూ, ఇద్దరు కస్టమర్లతోనూ అలాంటిదే కొనిపించాను. ఆ మెప్పులో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. ఆ వేగమంతా బ్యాటరీ సగం నిండేదాకానే, పైకి పోయేకొద్దీ ఫోనే నెమ్మది చేసుకుంటుంది. రోజంతా ప్లగ్గు పక్కనే కూర్చునే నాకు వేగంతో పెద్ద పని కూడా లేదు. చెల్లిది వేరే కంపెనీ ఫోన్, నా అడాప్టర్ పెడితే మామూలు ఛార్జింగే. శాంసంగ్ ఫోన్‌కు 25 వాట్ల వేగం రావాలంటే ఛార్జర్‌లో పీపీఎస్ అనేది (ఫోన్ అడిగినట్టు వోల్టేజిని సర్దే పద్ధతి) ఉండాలి. వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీలకు పూర్తి వేగం కావాలంటే వాళ్ళ అడాప్టర్‌తోపాటు వాళ్ళ వైరు కూడా ఉండాలి. ఇదేమీ తెలియకుండానే దానితో కొనిపించాను. ఇక డబ్బాలో వచ్చిన కంపెనీ వైరు ఏడాది దాటగానే ఫోన్ దగ్గర మెడలో చిట్లి లోపలి అల్లిక బయటపడింది. ఆ తర్వాత 250 పెట్టి కొన్న దారం అల్లిక వైరు దానికి రెట్టింపు కాలం వచ్చింది. వైరు దగ్గర కంపెనీ పేరుకు డబ్బు పెట్టమని నేను చెప్పను.

ఇక అసలు సంగతి.

2025 మే నెల, పెళ్ళిళ్ళ సీజను. సాయంత్రం ఐదింటికి గాలివాన కొట్టింది, కరెంటు పోయింది. చల్లబడిందని ఫ్యాన్ కట్టేశాం. మిషను మోటారూ ఆపేశాను. అరగంటకు కరెంటు వచ్చింది. ట్యూబ్‌లైటు ఒకటి, ఒకే బోర్డులో రెండు ఛార్జర్లు, అంతే నడుస్తున్నాయి. నాది పైన, ఆ అమ్మాయిది కింద. వాళ్ళమ్మ ఫోన్ చేస్తే ఛార్జింగ్‌లో ఉంచే, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు మాట్లాడి స్టూలు మీద పెట్టింది. పది నిమిషాలు కూడా అయి ఉండదు. ట్యూబ్‌లైటు ఒక్కసారిగా, కళ్ళు మూసుకోవాల్సినంత తెల్లగా వెలిగింది. బోర్డు దగ్గర 'టప్' మని ఒక చప్పుడు. ఆ వెంటనే పటపటమని ఇంకొకటి, మంట కనపడలేదు గానీ నల్లటి పొగ. లైటు ఆరిపోయింది. నేను గోడకు చెయ్యానించి తడుముకుంటూ వెళ్ళి మెయిన్ కట్టేశాను.

గాలికి స్తంభం మీద న్యూట్రల్ తీగ ఊడిందని తర్వాత లైన్‌మన్ చెప్పాడు. న్యూట్రల్ పోతే ఏమవుతుందో మన ఊళ్ళల్లో చాలామంది చూసే ఉంటారు. వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్ళు ఒకదానికొకటి తగులుకుని, రెండు ఫేజుల మధ్య ఉండే నాలుగొందల పైచిలుకు వోల్టులను పంచుకుంటాయి. లోడు తక్కువున్నవాళ్ళకే ఎక్కువ వాటా. ఎదురు వరసలో హోటలుంది, అక్కడ గ్రైండరూ ఫ్రిజ్జులూ నడుస్తున్నాయి, వాళ్ళ లైట్లు మసకబారాయట. ఫ్యాన్, మోటారు ఆపుకుని కూర్చున్న మా మీద పడింది బరువంతా. అలాంటప్పుడు ఎంసీబీ (బోర్డులో దానంతట అదే పడిపోయే స్విచ్చి) కూడా దిగదు, అది చూసేది ఎక్కువ కరెంటునే, ఎక్కువ వోల్టేజిని కాదు.

నా అడాప్టర్ చచ్చిపోయింది. ఫోన్ మాత్రం నిక్షేపంగా ఉంది. వైరు పీకి ఇంటికి తీసుకెళ్ళి వేరే ఛార్జర్ పెడితే ఏమీ జరగనట్టు ఎక్కింది. ఆ అమ్మాయి అడాప్టర్ ప్లాస్టిక్ కరిగి సాకెట్‌కు అతుక్కుపోయింది. ఆమె ఫోన్ మళ్ళీ ఆన్ కాలేదు.

మరునాడు రెండు అడాప్టర్లూ, ఆ ఫోనూ తీసుకుని రిపేరు షాపుకు వెళ్ళాను. ఆ తమ్ముడు నాకు చాలా ఏళ్ళుగా తెలుసు. ఫోన్ చూసి ఛార్జింగ్ ఐసీ (ఛార్జింగ్‌ను నడిపే చిప్పు) పోయింది, దానితోపాటు ఇంకేం పోయాయో బోర్డు పని చేస్తే గానీ తెలియదు, 2,500 అవుతుంది, గ్యారంటీ ఇవ్వలేను అన్నాడు. "అసలు ఈ రెంటికీ తేడా ఏంటి, విప్పి చూపించు" అన్నాను. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నాడేమో, చూపించాడు.

180ది గోరుతో తెరుచుకుంది, రెండు ముక్కలూ గాటుకు తగిలించి ఉన్నాయంతే. కంపెనీది ఎక్కడా అతుకు కనపడకుండా కరిగించి మూసేశారు, హ్యాక్సా బ్లేడుతో చుట్టూ కోయాల్సి వచ్చింది. ముందే చేతిలో బరువు తేడా తెలుస్తోంది. ఫస్ట్ కాపీ లోపల సగం ఖాళీ. అగ్గిపెట్టె సగమంత బోర్డు, గోడ పిన్నుల నుంచి రెండు సన్నటి వైర్లు, ఒక బుల్లి కెపాసిటర్ (కరెంటును కాసేపు నిలవ ఉంచే డబ్బీ), నల్లగా మాడిన ట్రాన్స్‌ఫార్మర్. "ఇందులో ఫ్యూజు ఏది?" అంటే, "లేదక్కా, పెట్టలేదు" అన్నాడు.

కంపెనీదాంట్లో వేలు దూరే సందు లేదు. భాగాలన్నీ కదలకుండా తెల్లటి జిగురు పోసి ఉంది. పిన్నులు దాటగానే నల్లటి తొడుగులో ఫ్యూజు. మీటరు పెట్టి చూశాడు, తెగిపోయి ఉంది. పక్కన రెండు లావుపాటి కెపాసిటర్లు, ఒకదాని మూత ఉబ్బి చీలింది, నేను విన్న 'టప్' అదేనట. దాని మీద 400 వోల్టులు అని రాసుంది. మామూలు రోజుల్లో దాని మీద పడేది 325 దాకా (గోడ వోల్టేజి కంటే అక్కడ అంకె ఎక్కువే ఉంటుందట), ఆ సాయంత్రం పడింది 500 పైమాటే అయి ఉండాలి అన్నాడు. దాని వెనక ట్రాన్స్‌ఫార్మర్, చుట్టూ పొరలు పొరలుగా పసుపు టేపు. టేపు విప్పితే లోపలి తీగ తాజాగా మెరుస్తూ ఉంది, మాడిన మచ్చ ఒక్కటీ లేదు.

అప్పుడు బోర్డు తిరగేసి టార్చి వేసి పట్టుకున్నాడు. "ఇక్కడ చూడక్కా." బోర్డు మధ్యలో గాడిలాగా ఒక కోత ఉంది, వెలుతురు ఇవతలికి కనిపిస్తోంది. ఆ కోతకు అటువైపు గోడ కరెంటు, ఇటువైపు ఫోన్‌కు వెళ్ళే చిన్న కరెంటు. రెంటికీ మధ్య ఐదారు మిల్లీమీటర్ల ఎడం. ఆ ఎడాన్ని దాటే రాగి గీత ఒక్కటీ లేదు. నాలుగు కాళ్ళ చిన్న నల్ల ముక్క ఒకటి రెండు గట్ల మీదా కాళ్ళు వేసి కూర్చుంది. అది కూడా ఇటునుంచి అటు వెలుగు రూపంలోనే కబురు చెబుతుందట, కరెంటు పోనివ్వదట. రెండోది తిరగేశాడు. కోత లేదు. రాగి గీతలు రెండూ పక్కపక్కనే, మధ్య ఎడం జాకెట్టుకు వేసే కుట్టంత కూడా లేదు. అక్కడే మాడింది.

నేను కుట్టుపని చేసేదాన్ని, మిల్లీమీటరు అంటే ఎంతో నాకు చేతికి తెలుసు. ఆ రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టి చూశాక నోట మాట రాలేదు. ఆ అమ్మాయి చెవి దగ్గర ఉన్న ఫోన్‌కూ గోడలోని కరెంటుకూ మధ్య ఉన్నది ఆ కుట్టంత చోటే. దాన్ని ఆమె చేతిలో పెట్టింది నేను.

ఒక్క సంఘటనతో అన్నీ ఇలాగే అని చెప్పలేను. అదే సాయంత్రం మా వీధిలో ఇంకో ఇంట్లో కంపెనీ టీవీ కాలిపోయింది. నా అడాప్టర్ కూడా బతకలేదు, అంత వోల్టేజికి బతకాలని ఎవరూ తయారుచేయరు. నాకు నచ్చింది అది చచ్చిన తీరు. ఆపదను అటువైపే ఆపి, తను మాత్రమే పోయింది.

మరి దానికి 1,300 పెట్టాలా? ఆ తమ్ముడి మాట ఏమిటంటే, డబ్బు పెట్టాల్సింది ఆ కోతకూ, ఫ్యూజుకూ, పసుపు టేపుకూ గానీ పైనున్న పేరుకు కాదు. అవి సరిగా ఉన్నవి ఐదారొందలకు కూడా దొరుకుతాయన్నాడు. కొనేటప్పుడు విప్పి చూడలేం కాబట్టి అడాప్టర్ మీది సన్నక్షరాలు చదవమన్నాడు. ఐఎస్ అని మొదలయ్యే ప్రమాణం నంబరు, దాని దగ్గర ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. మన దేశంలో అడాప్టర్లు అమ్మాలంటే బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) దగ్గర నమోదు తప్పనిసరి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారుచేసినవాళ్ళ పేరూ బ్రాండూ వస్తాయి. నేను కాలిన 180దాని మీద వెతికాను, నంబరే లేదు. బజారులో 350కి "కంపెనీదే, బిల్లు ఉండదు" అని ఇంకొకటి చూపిస్తే అక్కడే నిలబడి నంబరు కొట్టాను. వేరే పేరు వచ్చింది. పైన అచ్చేసిన బ్రాండుకూ దానికీ సంబంధం లేదు. అలాంటిదైతే బ్రాండు పేరున్నా నేను ముట్టుకోను. అందుకే కంపెనీది కొన్నా బిల్లు ఇచ్చే షాపులోనే కొంటున్నాను.

నేనైతే మళ్ళీ కంపెనీదే కొన్నాను, ఇప్పటికి ఎనిమిది నెలలు. రోజుకు ఐదారు గంటలు ప్లగ్గులో ఉంటుంది, వేడి మామూలే, తెర తికమక లేదు. మా లైను సంగతి తెలుసు కాబట్టీ, ఫోన్ ఆగితే ఆ రోజు పని ఆగుతుంది కాబట్టీ ఆ ధర నాకు ఎక్కువ అనిపించలేదు. హాస్టల్లో ఉండే మా చెల్లి కొడుక్కి మాత్రం నంబరు చూసి 600ది కొనమన్నాను, అదీ బాగానే ఉందట. మీటరు దగ్గర ఓవర్ వోల్టేజి కటాఫ్ పెట్టించుకుంటే అన్నింటికీ రక్షణ అని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. దసరా సీజను డబ్బులు చేతికొచ్చినా ఇంకా పెట్టించలేదు, పెట్టించాలి.

ఆ అమ్మాయి ఫోన్ బాగుకాలేదు. కొత్తదానికి సగం డబ్బు నేనిచ్చాను, ఛార్జర్ నాలాంటిదే కొనిచ్చాను. నంబరు ఎలా చూడాలో కూడా చూపించాను. అయినా ఫోన్ మోగితే ఇప్పటికీ ముందు వైరు పీకి, ఆ తర్వాతే ఎత్తుతుంది.