సాస్ నుంచి ఆర్‌కి మారేవాళ్ల కోసం ఆర్ రివ్యూ: కోడ్ తొందరగానే కుదురుతుంది, అంకెలు కలవడమే కష్టం

సాస్, ఆర్ రెండూ డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్లు. ఏళ్ల తరబడి సాస్‌లో నడిచిన ప్రోగ్రాములను ఆర్‌లోకి తెచ్చుకోవచ్చా అంటే, నిస్సందేహంగా తెచ్చుకోవచ్చు. ఆర్‌కి లైసెన్సు ఖర్చు లేదు, దాని ప్యాకేజీలు (అదనపు పనిముట్లు) దొరికే క్రాన్‌లో 20,000కి పైగా ప్యాకేజీలున్నాయి, గ్రాఫుల విషయంలో సాస్ దీనికి సాటిరాదు. అయితే సింటాక్స్ నేర్చుకోవడానికి పట్టే కాలం కంటే, పాత రిపోర్టులోని అంకెతో కొత్త అంకెను కలపడానికి పట్టే కాలం ఎక్కువ. రెండింటి డిఫాల్ట్‌లు (మనమేమీ చెప్పకపోతే వాడే పద్ధతులు) వేరు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, జవాబు మాత్రం మారిపోతుంది. ఆర్‌ని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి చాలాసార్లు చెప్పకుండా వదిలేస్తారు.

డేటా స్టెప్ (సాస్‌లో డేటాను వరసవారీగా సిద్ధం చేసే భాగం) అలవాట్లలో చాలావాటికి ఆర్‌లో నేరుగా బదులు దొరుకుతుంది. గ్రూపుల వారీ లెక్కకు ముందు ప్రాక్ సార్ట్‌తో వరసలను క్రమంలో పెట్టక్కర్లేదు, రిటెయిన్‌తో వరసవరసకూ పోగేసే కూడిక ఆర్ ఫంక్షన్ కమ్‌సమ్‌తో ఒక్క లైన్లో అయిపోతుంది. ముందు విలువను తెచ్చే ల్యాగ్ దగ్గర మాత్రం జాగ్రత్త. సాస్ ల్యాగ్ ఒక క్యూ లాంటిది. ఇఫ్ లోపల రాస్తే ఆ షరతు నెరవేరిన వరసల్లోనే అది కదులుతుంది. ఆర్‌లో డేటాను మార్చడానికి వాడే డిప్లయర్ ప్యాకేజీ ల్యాగ్ ఎప్పుడూ సరిగ్గా పై వరసలోని విలువే ఇస్తుంది. పాత కోడ్‌లో ఇఫ్ లోపల ల్యాగ్ కనబడితే దాన్ని మార్చేముందు అసలు ఏం లెక్కించాలనుకున్నారో తేల్చుకోండి.

రెండు టేబుళ్లను కలిపే మెర్జ్ ఇంకా పెద్ద గొడవ. ఒకే ఐడీకి మొదటి టేబుల్లో 2 వరసలు, రెండో టేబుల్లో 3 వరసలు ఉన్నాయనుకుందాం. సాస్ మెర్జ్ వాటిని పక్కపక్కన పేర్చి 3 వరసలిస్తుంది. ఆర్‌లో జాయిన్ చేస్తే 6 వస్తాయి. డిప్లయర్ 1.1.0 నుంచి దీనికి వార్నింగ్ ఇస్తోంది. అంతకంటే మేలైన పని, ప్రతి జాయిన్‌లోనూ రిలేషన్‌షిప్ ఆర్గ్యుమెంట్ రాయడం: వన్ టు వన్ అనో మెనీ టు వన్ అనో రాసిపెడితే తేడా వచ్చిన చోటే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఇక రెండు టేబుళ్లలోనూ ఒకే పేరున్న కాలమ్ ఉంటే సాస్ చివరి టేబుల్ విలువనే ఉంచుతుంది, డిప్లయర్ రెండింటినీ వేర్వేరు పేర్లతో ఉంచుతుంది.

మిస్సింగ్ (నమోదు కాని) విలువల విషయంలో ఆర్ పద్ధతే సరైనది, కానీ మారేవాళ్లను ఎక్కువగా తిప్పలు పెట్టేది కూడా ఇదే. సాస్‌లో మిస్సింగ్ అన్ని అంకెల కంటే చిన్నది. వయసు 18 కంటే తక్కువ అని రాస్తే వయసు తెలియనివాళ్లంతా పిల్లల లెక్కలో పడతారు. ఆర్‌లో మిస్సింగ్‌ను సూచించే ఎన్ఏని దేనితో పోల్చినా ఎన్ఏనే వస్తుంది, ఫిల్టర్ ఆ వరసను వదిలేస్తుంది. సగటులో ఒక్క ఎన్ఏ ఉన్నా జవాబు ఎన్ఏనే, దాన్ని తీసేయమని మీరే చెప్పాలి. సాస్‌లో సగటులు లెక్కించే ప్రాక్ మీన్స్‌లో క్లాస్ (గ్రూపు) వేరియబుల్ మిస్సింగ్ అయితే ఆ వరసలు లెక్కలోకే రావు. డిప్లయర్ గ్రూప్ బై మాత్రం ఎన్ఏకి విడిగా ఒక గ్రూపు కడుతుంది. టెక్స్ట్ కాలమ్‌లో ఖాళీ అంటే సాస్‌కి మిస్సింగ్, సాస్ ఫైళ్లను ఆర్‌లోకి తెచ్చే హేవెన్ ప్యాకేజీతో చదివితే అది ఖాళీ స్ట్రింగ్‌గానే వస్తుంది. ఫైలు చదివిన వెంటనే వాటన్నిటినీ ఎన్ఏగా మార్చేయాలి.

తేదీల్లో మోసం మరీ సూక్ష్మం. సాస్ 1960 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెడుతుంది, ఆర్ 1970 జనవరి 1 నుంచి. తేదీ ఫార్మాట్ ఉన్న కాలమ్‌ను హేవెన్ సరిగ్గానే మారుస్తుంది. ఫార్మాట్ లేకపోతే ఉత్త అంకె వస్తుంది. 2020 జనవరి 1 సాస్‌లో 21915. ఆ అంకెను ఆరిజిన్ (లెక్క మొదలయ్యే తేదీ) చెప్పకుండా తేదీగా మారిస్తే ఆర్ 2030 జనవరి 1 అని చూపిస్తుంది. రోజూ నెలా దాదాపు సరిగ్గానే కనిపిస్తాయి, రెండు తేదీల మధ్య తేడా కూడా సరిగ్గానే వస్తుంది. అందుకే ఈ తప్పు చివరి టేబుల్ దాకా దొరక్కుండా వెళ్లిపోతుంది. డేట్‌టైమ్ అయితే సాస్‌లో టైమ్‌జోన్ అనేదే ఉండదు కాబట్టి ఆర్‌లో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని మీరే రాయండి.

ఇక గణాంకాలు. సాస్‌లో 2.5ని రౌండ్ చేస్తే 3, ఆర్‌లో 2. ఆర్ సరిసంఖ్య వైపు వెళ్తుంది. 1 నుంచి 8 వరకు అంకెల మొదటి క్వార్టైల్ (పావు వంతు విలువలు దీని దిగువన ఉంటాయి) సాస్‌లో 2.5, ఆర్‌లో 2.75. ఆర్ క్వాంటైల్ ఫంక్షన్‌లో టైప్ 2 పెడితే సాస్ డిఫాల్ట్‌తో కలుస్తుంది. అవును, కాదు లాంటి ఫలితాలకు మోడల్ కట్టే సాస్ ప్రాక్ లాజిస్టిక్‌లో ఈవెంట్ ఏదో చెప్పకపోతే 0, 1 విలువల్లో 0కి మోడల్ కడుతుంది, అదే పని చేసే ఆర్ ఫంక్షన్ జీఎల్ఎమ్ 1కి కడుతుంది. ఆడ్స్ రేషియో (రెండు గ్రూపుల అవకాశాల నిష్పత్తి) 2 కాస్తా 0.5 అవుతుంది. ఒక ఘటన జరగడానికి పట్టే కాలాన్ని చూసే కాక్స్ మోడల్లో టైలకు (ఒకే సమయంలో జరిగిన ఘటనలకు) సాస్ బ్రెస్లో పద్ధతి వాడుతుంది, ఆర్ ఎఫ్రన్ వాడుతుంది. నా దృష్టిలో ఎఫ్రనే మెరుగు, కానీ పాత రిపోర్టుతో సరిపోల్చేటప్పుడు బ్రెస్లో పెట్టండి. సాస్ ఇచ్చే టైప్ 3 సమ్ ఆఫ్ స్క్వేర్స్ (మిగతా అంశాలను లెక్కలోకి తీసుకుని ఒక్కోదాని ప్రభావాన్ని కొలిచే పద్ధతి) కావాలంటే కార్ ప్యాకేజీ ఉంది. మోడల్ కట్టకముందే కాంట్రాస్ట్‌ను (వర్గాలను అంకెలుగా మార్చే పద్ధతిని) సమ్‌కి మార్చాలి. ఆ ఒక్క అడుగు మరిచిపోతే, ఇంటరాక్షన్ (ఒక అంశం ప్రభావం మరోదాన్ని బట్టి మారడం) ఉన్న మోడల్లో మెయిన్ ఎఫెక్ట్‌ల ఫలితాలకు అర్థం ఉండదు.

మెమరీ లెక్క కాగితం మీదే వేసుకోవచ్చు. కోటి వరసలు, 50 అంకెల కాలమ్‌లు అంటే ఒక్కో విలువకు 8 బైట్ల చొప్పున సుమారు 4 జీబీ. మధ్యలో కాపీలు తయారవుతాయి కాబట్టి దానికి రెండు మూడు రెట్లు ర్యామ్ ఉండాలి. సాస్ డేటా స్టెప్ డిస్క్ నుంచి వరస తర్వాత వరస చదువుతుంది, ఈ బాధ దానికి లేదు. ర్యామ్ చాలకపోతే డేటా మొత్తాన్ని ర్యామ్‌లోకి తేకుండానే నడిచే ఆరో (Arrow), డక్‌డీబీ ప్యాకేజీల్లో ఒకటి వాడుకోండి, బాగా పనిచేస్తాయి.

ఆర్‌కి నేను మార్కులు తగ్గించేది లాగ్ (ప్రోగ్రాం ఏం చేసిందో చెప్పే నమోదు) దగ్గర. ఎన్ని వరసలు చదివింది, ఎన్ని రాసింది, ఎక్కడ మిస్సింగ్ పుట్టింది, సాస్ అడక్కుండానే రాసిపెడుతుంది. ఆర్‌లో అది మీరే కట్టుకోవాలి: ప్రతి దశ తర్వాతా వరసల సంఖ్యను ప్రింట్ చేయించండి. ప్యాకేజీ వెర్షన్లు మారితే ఫలితాలూ మారే ప్రమాదం ఉంది, మొదటి రోజే వాటిని రెన్వ్ ప్యాకేజీతో లాక్ చేయండి.

సాస్ మాక్రోలను (కోడ్‌ను పుట్టించే కోడ్) లైన్‌కి లైన్ మార్చబోకండి, అవి చేసే పనిని చూసి ఫంక్షన్‌గా మళ్లీ రాయండి. ఒకేసారి చివరి టేబుళ్లను పోల్చకుండా దశలవారీగా పోల్చండి. ఆర్‌లో డిఫ్‌డీఎఫ్ ప్యాకేజీ, సాస్‌లో రెండు టేబుళ్లను పోల్చే ప్రాక్ కంపేర్ చేసే పనే చేస్తుంది. కీ కాలమ్‌లు (ఒక్కో వరసను గుర్తించేవి) చెప్పండి, ముందే కాలమ్ పేర్లన్నీ చిన్నక్షరాల్లోకి మార్చుకోండి, ఎందుకంటే ఆర్‌కి పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు.

ఈ పోలికకు సాస్ మధ్య దశల డేటా కావాలి. సాస్ తాత్కాలిక నిల్వ అయిన వర్క్ లైబ్రరీలో ఉన్నదంతా సెషన్ ముగియగానే చెరిగిపోతుంది. కాబట్టి లైసెన్సు చెల్లుతుండగానే పాత ప్రోగ్రాములను మరోసారి నడిపి, మధ్య డేటాసెట్లనూ ఫార్మాట్ క్యాటలాగ్‌లనూ (కోడ్ విలువలకు పేర్లు చెప్పే ఫైళ్లు) లాగ్‌లనూ శాశ్వత ఫోల్డర్‌లోకి దించుకోండి. సాస్ డేటాసెట్లనూ క్యాటలాగ్‌లనూ హేవెన్ నేరుగా చదవగలదు, వాటిని తెరవడానికి తర్వాత సాస్ అక్కర్లేదు.