జాగ్రత్త: సినిమా చూసి ఆ పక్కనే భోజనానికి కూర్చునేవాళ్లు బిల్లు చదవకుండా డబ్బు కట్టకండి

రాత్రి బాబాయి వాళ్లను గౌతమి రైలు ఎక్కించి ఇంటికొచ్చాను. కన్ను మూతపడలేదు. తెల్లవారగానే ఇది రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామనుకుంటే చల్లారేలా లేదు. చల్లారితే ఇక రాయను కూడా.

ఏ చోటు గురించి చెబుతున్నానో హైదరాబాదులో ఉన్నవాళ్లలో చాలామందికి ఇట్టే తెలిసిపోతుంది. పేరు రాయను. పై అంతస్తులో సినిమా హాళ్లు, హాల్లోంచి బయటికి వచ్చే దారిలోనే గాజు తలుపుల రెస్టారెంటు. శనివారం సాయంత్రం పేరు రాయించుకుని బయట కుర్చీల్లో కూర్చుంటారు చూడండి, అదే. మేమూ అలాగే ముప్పావు గంట కూర్చున్నాం.

బాబాయి రాజమహేంద్రవరంలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పన్నెండేళ్ల తర్వాత మా ఇంటికి వచ్చారు. ఆయన, పిన్ని, మా చెల్లెలు, దాని పది నెలల పాప. ఇటు మా అమ్మ, నా భార్య, ఎనిమిదేళ్ల మా అబ్బాయి, నేను. ఉన్నది రెండు రోజులే కాబట్టి శనివారం అంతా బయటే గడపాలని నెల రోజుల ముందే అనుకున్నాం. పొద్దున ఎంజీబీఎస్ దాకా మెట్రో, అక్కడి నుంచి ఆటోల్లో సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు కాబట్టి శనివారమే పెట్టుకున్నాం. అక్కడి గడియారం పన్నెండు కొట్టడం చూడాలని బాబాయి పావుగంట ముందే వెళ్లి నిలబడ్డారు. గడియారంలోంచి చిన్న గడ్డపు బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంటే మా అబ్బాయి చెయ్యి పట్టుకుని ఒకటీ రెండూ మూడూ అంటూ పన్నెండూ లెక్కపెట్టించారు. బొమ్మ లోపలికి వెళ్లిపోయాక ‘మళ్లీ ఒంటిగంటకు ఒక్కటే కొడుతుంది, ఇప్పుడు చూడటమే లాభం’ అని వాడితో అన్నారు. ఆ రోజు మా అందరికీ బాగా గుర్తుండాల్సింది ఆ పన్నెండు గంటలు. వాటిని తలుచుకుందామన్నా ఆ మేనేజర్ మొహమే కళ్ల ముందుకు వస్తోంది.

సినిమా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బాగానే ఉంది. 295 రూపాయల టికెట్లు ఏడు ఆన్‌లైన్‌లో తీసుకున్నాను, పైన బుకింగ్ రుసుము అదనం. తెలిసి కట్టాను, దానికి బాధ లేదు. అసలు కథ తనిఖీ దగ్గర మొదలైంది. పిన్నికి షుగరు ఉంది. వేళకు ఏదో ఒకటి నోట్లో పడకపోతే కాళ్లూ చేతులూ వణుకుతాయి. అందుకని ఒక స్టీలు డబ్బాలో నాలుగు బిస్కెట్లు, రెండు చపాతీలు పెట్టుకుంది. ఇంకో చిన్న డబ్బాలో పాపకు ఉగ్గు. బయటి తిండి లోపలికి రాదంటూ రెండు డబ్బాలూ, మంచినీళ్ల సీసా కూడా తీసి పక్కన బల్ల మీద పెట్టేశారు. పాప తిండి కదా అని చెల్లెలు అడిగితే ‘రూల్ మేడం’ అన్నారు. నేను వాదించకుండా లోపలికి నడిచాను. వెనుక జనం నిలబడి ఉన్నారని, సినిమా మొదలైపోతుందని. నా మొదటి తప్పు అదే. ఇంటర్వెల్‌లో ఉచిత మంచినీళ్ల యంత్రం దగ్గరికి వెళితే మరమ్మతులో ఉందని కాగితం అంటించి ఉంది. పక్క కౌంటర్లో సీసా 80 రూపాయలు. పాప ఏడుపు అందుకోవడంతో చెల్లెలు సగం సినిమా బయట నడవాలోనే చూసింది, అంటే చూడలేదు.

సినిమా వదిలేసరికి ఎనిమిదవుతోంది. పిన్ని ముఖం వాడిపోయింది. బయటికి వచ్చి ఎక్కడికైనా వెళ్లి తినే వ్యవధి లేదు. అందుకే ఎదురుగా ఉన్న దాంట్లోనే పేరు రాయించాం. నిజానికి నా మనసులో ఉన్నది ఇంకో చోటు, చుట్టాలు వస్తే ఎప్పుడూ తీసుకెళ్లే చిన్న టిఫిన్ హోటల్. అక్కడికి ఆటోలో పది నిమిషాలు. పిన్ని ఆ పది నిమిషాలు ఆగలేదేమోనని భయపడి ఇక్కడ ముప్పావు గంట కూర్చోబెట్టాను! ‘ఇప్పుడే అయిపోతుంది సార్, తర్వాతి బల్ల మీకే’ అని మూడుసార్లు చెప్పారు. చివరికి నా భార్య కింద దుకాణానికి పరుగెత్తి అరటిపళ్లు తెచ్చి పిన్నికి పెట్టింది.

తిండి ఎలా ఉందని అడగకండి. వేడిగా ఉంది, అంతే. మేం కూర్చోగానే అడక్కుండానే అయిదు నీళ్ల సీసాలు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టారు. మామూలు మంచినీళ్లు ఇవ్వమంటే ‘ఫిల్టర్ నీళ్లు లేవు సార్’ అన్నారు. రెండు సీసాలు తెరిచాం. మూడు సీసాలు సీలు తీయకుండా అలాగే ఉన్నాయి. గిన్నెలతో పాటు వాటినీ వెయిటర్ ట్రేలో పెట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. మా అమ్మ ఆ మాట అంది కూడా, ‘మూడూ వెనక్కి ఇచ్చేశాం నాయనా’ అని. అతను తల ఊపాడు.

బిల్లు నల్లటి అట్టలో వచ్చింది. నేను చెయ్యి చాచేలోపు బాబాయి తీసుకున్నారు. ‘టికెట్లు నువ్వు కొన్నావు, ఈ పూట భోజనం నాది’ అన్నారు. చొక్కా జేబులో ఇందుకోసమే కవరు పెట్టుకుని వచ్చారని అప్పుడు తెలిసింది. కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ల అలవాటు, ఆయన పచారీ చీటీ కూడా అలాగే చదువుతారు. చదివి, జేబులోంచి పెన్ను తీసి బిల్లు వెనుక కూడిక వేశారు. ఆ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. మొత్తం 3,500. అందులో అయిదు నీళ్ల సీసాలు, ఒక్కొక్కటి 60 చొప్పున 300. దాని కింద ‘ఎస్ చార్జి’ అని 10 శాతం, 350. రెండూ కలిపిన 3,850 మీద జీఎస్టీ 5 శాతం, 192.50. వెరసి 4,042.50. బాబాయి లెక్కలో ఆ ఎస్ చార్జి, తాగని మూడు సీసాలు తీసేస్తే 3,320, దాని మీద పన్ను 166, మొత్తం 3,486. తేడా 556 రూపాయల 50 పైసలు. ఆ అంకె కింద రెండు గీతలు గీశారు, బడిలో జవాబు కింద గీసినట్టు.

వెయిటర్‌ని పిలిచి చాలా మర్యాదగా అడిగారు. ‘బాబూ, ఈ ఎస్ చార్జి ఏమిటి?’ అతను ‘అది గవర్నమెంటు ట్యాక్స్ సార్’ అన్నాడు. ‘పన్నయితే కింద జీఎస్టీ వేరే ఎందుకుంది? పైగా దీని మీద కూడా జీఎస్టీ వేశారే’ అన్నారు బాబాయి. అతను జవాబు చెప్పలేక మేనేజర్‌ని తీసుకొచ్చాడు.

ఇక్కడి నుంచి ప్రతి మాటా గుర్తుంది. మేనేజర్‌కు నా వయసు ఉంటుంది. బిల్లు చేతిలోకి తీసుకోలేదు, వెనుక వేసిన లెక్క చూడలేదు. నిలబడే ‘అందరూ కడుతున్నారు, మీకొక్కరికే సమస్యా?’ అన్నాడు. బాబాయి ఇంకా నవ్వుతూనే ‘అందరి సంగతి కాదు బాబూ, ఈ మూడు సీసాలు మేం తెరవలేదు, మీ అబ్బాయి లోపలికి తీసుకెళ్లాడు, కనుక్కోండి’ అన్నారు. అప్పుడు అతను గొంతు పెంచి, పక్క బల్లల వాళ్లందరికీ వినపడేలా అన్నాడు: ‘ఇంత లెక్కలు చూసుకునేవాళ్లు ఇలాంటి చోటికి రాకూడదు పెద్దాయనా. కింద రోడ్డు మీద బండ్లున్నాయి, అక్కడ తినాల్సింది.’

మా అబ్బాయి తినడం ఆపేసి తాతయ్య ముఖంలోకి చూశాడు. పక్క బల్ల వాళ్లు తలలు తిప్పి చూశారు. బాబాయి పెన్ను క్యాప్ పెట్టి జేబులో పెట్టుకున్నారు. రెండుసార్లు పెట్టారు, మొదటిసారి సరిగ్గా పడలేదు.

అప్పుడు నేనేం చేశానో చెబుతాను. లేచి ఆ మేనేజర్‌ని నిలదీయలేదు. ‘వదిలేయండి బాబాయ్, అయిదొందల కోసం ఎందుకు’ అని, ఫోను తీసి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 4,043 కట్టేశాను. అయిదొందల కోసం! ఆ మాటతో మేనేజర్ అన్నదే నిజమని నలుగురి ముందూ నేనే ఒప్పుకున్నట్టయింది. లెక్క తప్పింది వాళ్లది, చిన్నబోయింది బాబాయి. అవమానం చేసింది మేనేజర్ అయితే దానికి రసీదు నేను తీసుకున్నాను. రెండు రోజులుగా ఇదే నన్ను తింటోంది. ఆ రోజు నోరు విప్పాల్సింది నేను. ఆయన అతిథి. ఆయన తరఫున నిలబడాల్సిన వాణ్ని నేనే.

ఇంటికి వచ్చేదాకా బాబాయి మాట్లాడలేదు. ఆదివారమంతా మామూలుగానే ఉన్నారు, మా అబ్బాయికి పన్నెండో ఎక్కం అప్పజెప్పించుకున్నారు. ఆ మాట ఎత్తలేదు. రాత్రి రైలు కదిలాక ఇంటికొచ్చి చూస్తే దేవుడి గూట్లో కవరు ఉంది. లోపల 3,486 రూపాయలు, చిల్లరతో సహా. ఆయన తిన్నది, తినిపించింది ఎంతో అంత. ఆ లెక్క కవరు మీద కూడా రాయలేదు, అవసరం లేదు, నాకు తెలుస్తుందని ఆయనకు తెలుసు.

ఇక నిన్న రాత్రి నేను తెలుసుకున్నవి చెబుతాను. శనివారం సాయంత్రమే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో. సేవా రుసుమును, అంటే మా బిల్లులో ‘ఎస్ చార్జి’ అని ఉన్న సర్వీస్ చార్జిని, రెస్టారెంట్లు బిల్లులో తమంతట తాము కలిపేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4నే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంకో పేరు పెట్టి వసూలు చేయకూడదు, బిల్లులో కలిపి మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు. కట్టడం, కట్టకపోవడం మన ఇష్టమని వాళ్లే మనకు చెప్పాలి. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకు వెళ్లాయి. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలను సమర్థిస్తూ తీర్పు ఇచ్చింది. అంటే బాబాయి అడిగిన ప్రతి ప్రశ్నా సరైనదే. ‘దీని మీద కూడా జీఎస్టీ వేశారే’ అన్న మాట అచ్చంగా ఆ మార్గదర్శకాల్లో ఉన్నదే. ఆయన అది చదివి అడగలేదు, బుద్ధితో అడిగారు.

సినిమా హాలు సంగతి కూడా. బయటి తిండిని ఆపే హక్కు హాలు వాళ్లకు ఉందని సుప్రీంకోర్టు 2023 జనవరి 3న చెప్పింది, కానీ అదే తీర్పులో తాగునీరు ఉచితంగా ఇవ్వాలనీ, చంటిపిల్లల కోసం తల్లిదండ్రులు తెచ్చుకునే తగినంత ఆహారాన్ని అనుమతించాలనీ ఉంది. పాప ఉగ్గు డబ్బా ఆపడానికి వాళ్లకు ఏ ఆధారమూ లేదు. తిరిగి ఇచ్చేటప్పటికి ఉగ్గు పులిసిపోయింది, పారబోశాం.

ఈ పొద్దున్నే 1915కు ఫోను చేసి రెండింటి మీదా ఫిర్యాదు నమోదు చేయించాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. బిల్లు రెండు వైపులా ఫొటోలు తీసి దాచాను, డబ్బు కట్టిన ఫోను సందేశం కూడా. 556 రూపాయల 50 పైసలు తిరిగి వస్తే మనియార్డరు చేసినట్టు బాబాయికి పంపుతాను. క్షమాపణ కూడా అడిగాను, అది ఆయన పేరున రావాలని రాయించాను.

మీరు అక్కడికి వెళ్తుంటే, అడక్కుండా పెట్టిన నీళ్ల సీసాలు కూర్చోగానే వెనక్కి పంపండి. బిల్లులో ‘ఎస్ చార్జి’ కనపడితే తీసి కొత్త బిల్లు ఇమ్మనండి, అది వచ్చేదాకా ఫోను తీయకండి. చంటిబిడ్డ తిండి ఎవరైనా ఆపితే 2023 తీర్పు మాట చెప్పి, ఆపినట్టు రాసి ఇవ్వమనండి. మీతో ఉన్న పెద్దవాళ్లు లెక్క అడిగితే దయచేసి నాలా ‘వదిలేయండి’ అనకండి, వాళ్ల పక్కన నిలబడండి.

హెల్ప్‌లైను నుంచి జవాబు వస్తే ఇక్కడే రాస్తాను. ఇప్పుడు బాబాయికి ఫోను చేయాలి, గౌతమి ఈపాటికి చేరి ఉంటుంది.