క్రిస్మస్ తర్వాత క్లియరెన్స్‌లో లైట్ల వింటర్ గార్లండ్ కొంటున్నారా? ముందు దాని రిమోట్ మూత చూడండి

అందరికీ నమస్తే అండి. అమెరికాలో ఫైర్‌ప్లేస్ ఉన్న ఇంట్లో ఉంటూ, ఇంట్లో ఐదేళ్ల లోపు పిల్లలుంటే ఇది దయచేసి చివరిదాకా చదవండి. కొంచెం పెద్ద పోస్టే, కానీ మాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదని రాస్తున్నా.

మేము మిషిగన్‌లో ఉంటాం. ఇక్కడ క్రిస్మస్ అయిపోతుంది గానీ చలి ఎక్కడికీ పోదు, మార్చి దాకా బయట తెల్లగానే ఉంటుంది. అందుకే చెట్టు తీసేసి, శాంటా బొమ్మలు, ఎర్ర రిబ్బన్లు, మేజోళ్లు అన్నీ డబ్బాల్లోకి వెళ్లిపోయినా మాంటెల్‌ని, అంటే ఫైర్‌ప్లేస్ పైన ఉండే అరని, బోసిగా ఉంచబుద్ధి కాదు, పైన్ కాయలు, బర్చ్ చెక్క ముక్కలు, లాంతర్లు, మంచు పట్టినట్టుండే కొమ్మల గార్లండ్ ఇలాంటివి పెట్టుకుంటే ఫిబ్రవరి దాకా ఇల్లు కళగా ఉంటుంది. మాకైతే సంక్రాంతి కూడా అప్పుడే కదా, పైన మాంటెల్ మీద తెల్ల కొమ్మలు, లైట్లు, పక్కన బొమ్మల కొలువు మెట్లు, ఎంత బాగుంటుందో అని ఈసారి గట్టిగా అనుకున్నాం.

డిసెంబర్ 26 నుంచి ఫోన్ తెరిస్తే చాలు అవే యాడ్స్. 9 అడుగుల గార్లండ్, లోపలే లైట్లు, రిమోట్, టైమర్, సగం కంటే తక్కువ ధర, పైగా "మా కుటుంబ దుకాణం మూసేస్తున్నాం, ఇదే ఆఖరి స్టాకు" అని ఒక పెద్దాయన, పెద్దావిడ ఫోటో. సైట్ పేరు నేను రాయట్లేదు, ఎందుకంటే అవే ఫోటోలు, అదే కథ వేరే వేరే పేర్లతో ఉన్న సైట్లలో కూడా కనిపిస్తున్నాయి, ఒక పేరు చెప్తే అది కాదులే అని ఇంకోదాంట్లో కొంటారు.

వచ్చింది మాత్రం ఒక ప్లాస్టిక్ కవర్లో నలిపి కుక్కేసిన తీగ. ఫోటోలో ఒత్తుగా ఉన్న కొమ్మలు ఇక్కడ తీగ కనపడేంత పల్చగా ఉన్నాయి, ముట్టుకుంటే చాలు తెల్లపొడి చేతికంటుకుంటోంది, కార్పెట్ అంతా అదే. తయారుచేసిన కంపెనీ పేరు లేదు, హెచ్చరిక లేబుల్ లేదు, వాడే విధానం చెప్పే చిన్న కాగితం కూడా లేదు. ఇవన్నీ డబ్బులు పోయాయిలే అని సర్దుకునే విషయాలే. అసలు భయపడాల్సింది రిమోట్ చూసి. అరచేతిలో పట్టే పల్చటి రిమోట్, అందులో సీఆర్2025 అని ఒక గుండ్రటి లిథియం బ్యాటరీ, బటన్ బ్యాటరీ అంటారు. దాని ట్రేకి స్క్రూ లేదు, గోరుతో లాగితే చాలు వచ్చేస్తుంది, కిందపడినా ఊడిపోతుంది.

భోగి రోజు సాయంత్రం మా పాపకి భోగిపళ్లు పోశాం. ఎలా ఉంటుందో తెలుసుగా, రేగుపళ్లు, పూలరేకులు, చెరుకుముక్కలు, నానబెట్టిన శనగలు, వాటిల్లో చిల్లర. పోయడం అయ్యీ అవ్వగానే పిల్లలందరూ చిల్లర మీద పడ్డారు. ఆ గోలలో ఎవరో గార్లండ్ వేలాడే చివర పట్టుకుని లాగినట్టున్నారు, మాంటెల్ అంచున ఉన్న రిమోట్ కిందపడింది, ఆ హడావిడిలో ఎవరం పట్టించుకోలేదు. కాసేపటికి మా ఆడపడుచు కార్పెట్ మీద మిగిలిన పెన్నీలు, నికెల్స్ ఏరుతూ ఒకటి వేళ్ల మధ్య తిప్పి చూసి "వదినా, ఇది చిల్లర కాదు, బ్యాటరీ" అంది. చూస్తే నిజంగానే, 20 మిల్లీమీటర్ల వెడల్పు, పెన్నీ 19, నికెల్ 21, సరిగ్గా మధ్యలో, అదే మెరుపు. దానికి అరడుగు దూరంలో పద్నాలుగు నెలల పిల్లాడు కూర్చుని శనగలు నోట్లో పెట్టుకుంటున్నాడు. నా కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయండి.

బ్యాటరీ మింగితే మర్నాటికి అదే బయటికొచ్చేస్తుందిలే అని మనలో చాలామంది అనుకుంటారు, అది చాలా ప్రమాదకరమైన మాట. ఈ సైజు లిథియం బ్యాటరీ చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కుంటుంది. అక్కడి తడితో కరెంటు పారడం మొదలై, మైనస్ వైపు ఘాటైన క్షారం తయారై లోపలి కండని కాల్చేస్తుంది, రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం అవ్వచ్చు. బ్యాటరీ కారక్కర్లేదు, పగలక్కర్లేదు, వస్తువు నడపలేనంతగా అయిపోయిన బ్యాటరీలో కూడా ఈ పని చేసేంత పవర్ మిగిలే ఉంటుంది. పైకి చూస్తే దగ్గు, చొంగ, అన్నం వద్దనడం, అచ్చం జలుబు చేసినట్టే ఉంటుంది.

మింగాడేమో అని అనుమానం వచ్చినా చాలు, ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లి ఎక్స్‌రే తీయించాలి. వాంతి చేయించొద్దు. అమెరికాలో దీనికోసమే 24 గంటలూ పనిచేసే బ్యాటరీ హాట్‌లైన్ ఉంది, 800-498-8666, దారిలోనే ఫోన్ చేయండి. ఏడాది దాటిన పిల్లలైతే, మింగి 12 గంటల లోపైతే, హాస్పిటల్‌కి వెళ్తూ రెండు టీస్పూన్ల తేనె పది నిమిషాలకోసారి, మొత్తం ఆరుసార్లకి మించకుండా ఇవ్వమని అక్కడి నిపుణుల సూచన. అంతకుమించి తిండి, నీళ్లు ఏమీ పెట్టకూడదు. ఏడాది లోపు వాళ్లకి తేనె అసలు వద్దు. తేనె ఇంట్లో లేకపోతే దానికోసం షాపుకి వెళ్లి టైం పోగొట్టుకోకండి.

ఇలాంటి రిమోట్ అమ్మడం అమెరికాలో చట్టవిరుద్ధం. టెక్సాస్‌లో రిమోట్ కంట్రోల్‌లోని బ్యాటరీ మింగి ఏడాదిన్నర పాప 2020 డిసెంబర్‌లో చనిపోయింది, ఆ పాప పేరు మీదే 2022 ఆగస్టులో రీస్ చట్టం వచ్చింది. దాని ప్రకారం బటన్ బ్యాటరీ ఉండే మూత స్క్రూడ్రైవర్ లాంటి పనిముట్టుతోనో, నాణెంతోనో తెరవాలి, లేదా రెండు చేతి కదలికలు ఒకేసారి చేస్తేనే తెరుచుకోవాలి, ప్యాకెట్ మీదా వస్తువు మీదా హెచ్చరిక ఉండాలి. 2024 మార్చి నుంచి గట్టిగా అమల్లో ఉంది. వేరే దేశం నుంచి నేరుగా మన గుమ్మానికి పంపేవాళ్లు ఇవేం పట్టించుకోవట్లేదు, నాకు బాగా కోపం వచ్చేది అక్కడే.

ఇంకో సంగతి, ఫైర్‌ప్లేస్ వెలిగించే ఇళ్లకి. మాది గ్యాస్ ఫైర్‌ప్లేస్. గార్లండ్ పైనే ఉంది కదా అనుకుంటాం, కానీ వేడి ముందు మాంటెల్ అడుగుకే తగులుతుంది, అంచు నుంచి కిందికి వేలాడే కొమ్మలన్నీ ఆ వేడి దారిలోనే ఉంటాయి. చౌక గార్లండ్స్ ఎక్కువగా పీవీసీ, అది దాదాపు 80 డిగ్రీల సెల్సియస్‌కే మెత్తబడుతుంది. మా దాని కొసలు ఉడికిన సేమియాలా వంకర్లు తిరిగి, వాటి మీద తెల్లపొడి పసుపు రంగుకి తిరిగింది, ఘాటు వాసన కూడా వచ్చింది, వెంటనే తీసేశాం. మీ ఫైర్‌ప్లేస్ మాన్యువల్‌లో మండే వస్తువులు ఎంత దూరంలో ఉండాలో రాసుంటుంది, అది చూసి పెట్టుకోండి. అద్దం ముందు జాలీ ఉందా లేదా కూడా చూడండి, 2015 నుంచి తయారైన గ్యాస్ ఫైర్‌ప్లేస్‌లకి అది తప్పనిసరి, పాత ఇళ్లల్లో చాలాచోట్ల ఉండదు, ఆ అద్దం పట్టుకుంటే పిల్లల చేతులు క్షణంలో కాలిపోతాయి.

డబ్బుల సంగతికొస్తే, వాపస్ అడిగితే మొదట "15 శాతం ఇస్తాం, వస్తువు మీరే ఉంచుకోండి" అన్నారు. కుదరదంటే సముద్రం అవతలి అడ్రస్ ఒకటి ఇచ్చి మీ ఖర్చుతో పంపండి అన్నారు, ఆ పోస్టేజీ గార్లండ్ ధర కంటే ఎక్కువ. రిమోట్ సంగతి రాస్తే దానికి జవాబే లేదు. ఆ 15 శాతానికి ఒప్పుకోకండి, ఒకసారి సరే అంటే తర్వాత బ్యాంకుకి అదే చూపిస్తారు. క్రెడిట్ కార్డుతో కొంటే, ఆ ఖర్చు మొదట కనపడిన స్టేట్‌మెంట్ పంపిన రోజు నుంచి 60 రోజుల్లోపు రాతపూర్వకంగా డిస్ప్యూట్ వేసే హక్కు చట్టం ఇస్తోంది. డెబిట్ కార్డుకి ఆ చట్టం వర్తించదు, జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సర్వీసు)తో కట్టమంటే అసలు కొనొద్దు.

కొనాలనుంటే క్రిస్మస్ అయ్యాక మామూలు షాపుల్లోనే మంచి తగ్గింపులుంటాయి, వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనండి. ప్లగ్ పెట్టే లైట్లయితే తీగకి కట్టిన ట్యాగ్ మీద యూఎల్ గానీ ఈటీఎల్ గానీ, అంటే భద్రతా పరీక్ష పాసైన గుర్తు, ఉండాలి, డబ్బా మీద ఉంటే సరిపోదు. బ్యాటరీవైతే డబుల్ ఏ సెల్స్ వేసేవి, మూతకి స్క్రూ ఉన్నవి తీసుకోండి. రిమోట్ వచ్చిందంటే షాపులోనే దాని ట్రే లాగి చూడండి. ఇంట్లో ఇప్పటికే ఉన్న కొవ్వొత్తి లైట్లు, పాటలు పాడే గ్రీటింగ్ కార్డులు, పాత రిమోట్లు, వాటిల్లోనూ ఇలాంటి గుండ్రటి బ్యాటరీలే ఉండొచ్చు, ఈ రాత్రికే ఓసారి చూడండి.

నేను సీపీఎస్సీ (వస్తువుల భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ల సేఫర్‌ప్రొడక్ట్స్ డాట్ గవ్ సైట్లో ఫోటోలతో కంప్లైంట్ పెట్టా. మీరు కూడా ఇలాంటిది కొనుంటే అక్కడ పెట్టండి, ఎక్కువమంది రాస్తే వాళ్లకి దారి దొరుకుతుంది. బ్యాంకు డిస్ప్యూట్ ఇంకా నడుస్తోంది. గార్లండ్ పారేయలేదు, సంచిలో కట్టి గరాజ్‌లో పైన పెట్టా, బ్యాటరీ తీసేసి రెండు వైపులా టేపు వేసి రీసైక్లింగ్‌కి విడిగా ఉంచా. మీరూ వచ్చిన కవరు, దాని మీది అడ్రస్ స్టిక్కర్, యాడ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి, మా బ్యాంకు ముందు అడిగింది అవే.